మీ అత్తగారికి చదివి వినిపించు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. వయసు 36. ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. ఇంట్లో మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తగారు. డిగ్రీలో కలిసి చదువుకున్న నలుగురం ఈ నవంబరు 1 నుంచి 30 లోపల తలా ఒక నవల రాయాలని వాట్సాప్‌లో పందెం వేసుకున్నాం. మనిషికి 50,000 పదాలు. నాది మిరప చేను పాడైపోయిన ఏడాది ఒక కౌలు రైతు భార్య, నాగమణి, పడిన పాట్లు. తొమ్మిది రోజులు ఆగకుండా రాశాను. 14,200 పదాలయ్యాయి. తర్వాత రెండు రోజులుగా ఫోనులో ఆ ఫైలే తెరవలేదు. ఇవాళ 11వ తేదీ. డాలస్‌లో ఉన్న నా ఫ్రెండ్ ఇంగ్లీషులో రాస్తోంది, 26 వేలు దాటేసింది. నేను రాసింది నేనే చదువుకుంటే సిగ్గేస్తోంది. మా ఆయన "ఇదంతా రాసి ఏం చేస్తావ్?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. అదే ఇంకా గుచ్చుకుంది. మా అత్తగారికి చదవడం రాదు, పిల్లలు చిన్నవాళ్ళు. కార్తీక మాసం, వనభోజనాలు, పెళ్ళిళ్ళు ఉండనే ఉన్నాయి. మొదట్లో ఉన్న ఉత్సాహం మళ్ళీ ఎలా తెచ్చుకోవాలి? రెండు పేజీలు జత చేస్తున్నా. మీరు పెద్దవారు, నన్ను నువ్వు అనే రాయండి.

జవాబు: లెక్కలు రాసేదానివి కాబట్టి ముందు లెక్కే చూద్దాం.

రోజుకి 1,667 పదాల చొప్పున 11 రోజులకి 18,337 ఉండాలి. నీ దగ్గర 14,200 ఉన్నాయి. నాలుగు వేల పైచిలుకు బాకీ. ఈ బాకీయే నిన్ను ఫైలు తెరవనివ్వడం లేదు. కానీ మిగిలిన 35,800 పదాల్ని ఇవాళ, 12వ తేదీ నుంచి 30వ తేదీ దాకా ఉన్న 19 రోజులకి పంచి చూడు. రోజుకి 1,884 వస్తుంది. ముందు అనుకున్నదాని మీద 217 పదాలు ఎక్కువ. నువ్వు నాకు రాసిన ఉత్తరమే అందులో సగం పైన ఉంది. నీకు కొండలా కనిపించిన బాకీ రోజుకి రెండు ఉత్తరాలంత కూడా లేదు.

ఇంకో మాట. అసలా 50,000 అనే అంకె ఎక్కడిదో తెలుసా? 1999 జులైలో అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే కుర్రాడు, ఇరవై మంది స్నేహితుల్ని పోగేసి, నెల రోజుల్లో నవల రాద్దామని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది దాన్ని నవంబరుకి మార్చారు. అదే తర్వాత నానోరైమో పేరుతో ప్రపంచమంతా పాకింది. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది, అలవాటు మాత్రం నీలాంటి వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో బతికే ఉంది. ఆ 50,000 ఇంగ్లీషు పదాలకి పెట్టిన లెక్క. మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కదా. "ఇంట్లోవాళ్ళకి చెప్పలేకపోయినందుకు ఏడ్చింది" అని నువ్వు రాస్తే నీ ఫోను మూడు పదాలని లెక్కేస్తుంది. అదే ముక్క మీ డాలస్ స్నేహితురాలు ఇంగ్లీషులో రాస్తే పన్నెండు, పదమూడు పదాల దాకా అవుతుంది. వేళ్ళు మడిచి చూసుకో.

అన్ని వాక్యాలూ ఇంత తేడా చూపించవు. నేను ఇరవై ఏళ్ళ పైన అనువాదాలు దిద్దాను. తెలుగు పేజీ ఇంగ్లీషులోకి వెళ్తే పదాలు సుమారు ఒకటిన్నర రెట్లవడం చూస్తూ వచ్చాను. ఆ లెక్కన నీ 14,200 వాళ్ళ కొలతలో 21,300. అంటే 11వ రోజుకి ఉండాల్సినదానికంటే నువ్వు ముందే ఉన్నావు. ఆవిడ 26 వేలు మన కొలతలో పదిహేడు వేల చిల్లర. మీ ఇద్దరి మధ్య ఉన్నది మహా అయితే రెండు రోజుల పని.

ఇది ఓదార్పు లెక్క అనుకోకు. గ్రూపులో ఇవాళే చెప్పు: తెలుగులో రాసేవాళ్ళకి 35,000 అని. ఒప్పుకోకపోతే వాళ్ళ 50,000 వాళ్ళ దగ్గరే ఉంచుకోమను, నువ్వు 35,000కే రాయి. ఇంకా 20,800 కావాలి. పందొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు వనభోజనాలకీ, పెళ్ళికీ, సోమవారాల నోములకీ, ఒంట్లో బాగోని రోజుకీ ముందే కొట్టేయి. మిగిలిన పదిహేను రోజులకి రోజుకి 1,387. మొదటి తొమ్మిది రోజులూ నువ్వు సగటున 1,578 రాశావు. దానికంటే తక్కువే అడుగుతున్నా.

లెక్క అక్కడితో సరి. లెక్క సరిపోయినంత మాత్రాన నువ్వు రేపు ఫైలు తెరుస్తావని నేననుకోవడం లేదు. ఎందుకంటే నువ్వు ఆగింది బాకీ వల్ల ఒక్కటే కాదు.

నేను 1983లో ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. సీరియల్స్ రాజ్యమేలుతున్న రోజులు. ఏ సీరియల్ అయినా మొదటి ఏడెనిమిది భాగాలు గుర్రంలా పరిగెత్తేది. తర్వాత ఎక్కడో తొమ్మిదో భాగం దగ్గర కథలోకి ఒక పెళ్ళి వచ్చేది, లేకపోతే తిరుపతి ప్రయాణం. మేం ఆఫీసులో నవ్వుకునేవాళ్ళం, "ఈవిడకి తెలిసింది అయిపోయినట్టుంది" అని. నిజంగా జరిగేది అదే. మనం ఏళ్ళ తరబడి మనసులో మోసింది మొదటి పది, పదిహేను వేల పదాల్లో ఖర్చయిపోతుంది. అక్కడి నుంచి రాసేది రాస్తుంటేగానీ తెలియనిది. నీకూ నాగమణి గురించి ముందే తెలిసినదంతా అయిపోయింది. ఇప్పుడు ఆవిడ నీకు కొత్త మనిషి. కొత్త మనిషితో మొదటి రెండ్రోజులు మాటలు పెగలవు. దాన్ని నువ్వు ఉత్సాహం పోవడం అంటున్నావు.

మరి ఆ సీరియల్ రచయితలు ఎలా లాక్కొచ్చేవాళ్ళు? ఒకావిడ సంగతి చెప్తాను. పేరు వద్దు. స్కూల్ టీచరు. ప్రతి మంగళవారం ఆవిడ కవరు వాళ్ళ ఊరి ఆర్టీసీ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది. సాయంత్రం ఐదింటికి మా ఆఫీసు బాయ్ విజయవాడ బస్టాండుకి వెళ్ళి తెచ్చేవాడు. ఆరింటికల్లా కంపోజింగ్‌కి ఇవ్వాలి. ఒక మంగళవారం కవరు విప్పితే ఎప్పుడూ వచ్చే పన్నెండు కాగితాలకి బదులు మూడే ఉన్నాయి. పైన చీటీ: "మా అబ్బాయికి జ్వరం. ఈ వారం ఇంతకంటే రాలేదు. మీరే సర్దండి." మేం ఆర్టిస్టుని బతిమాలి బొమ్మ పెద్దది వేయించాం. ఒక్క పాఠకుడు కూడా అడగలేదు, ఇదేంటి ఇంత చిన్నదని. పైగా ఆ బొమ్మ బాగుందని రెండు ఉత్తరాలొచ్చాయి. మరుసటి మంగళవారం మళ్ళీ పన్నెండు కాగితాలు.

ఆవిడకి ఉత్సాహం ఉండేదో లేదో నాకు తెలీదు. మంగళవారం మాత్రం ఉండేది. బస్టాండులో ఒక కుర్రాడు నిలబడి ఉంటాడని ఆవిడకి తెలుసు.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇంకో ఇద్దరు గుర్తొస్తారు. వాళ్ళ ప్రతిభతో మనకి పోలిక లేదు, నేను చూస్తున్నది వాళ్ళు రాసిన పద్ధతిని. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టింది. దానికోసం విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ చెప్తూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిపెట్టాడు. ఇరవై తొమ్మిది రోజుల్లో పూర్తయిందని చెప్పుకుంటారు. బహుమతి అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిపి ఇచ్చారు. నానోరైమోకి అరవై అయిదేళ్ళ ముందు మన వాడొకడు నెలరోజుల నవల ముగించాడన్నమాట.

రెండోవాడు రష్యన్ రచయిత దాస్తోయెవ్‌స్కీ. 1865లో అప్పుల్లో మునిగి, ఒక ప్రచురణకర్తకి సంతకం పెట్టి ఇచ్చాడు. మరుసటి ఏడాది నవంబరు 1 లోపల కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళ పాటు తను రాసేదంతా ఆ మనిషి పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చని. 1866 అక్టోబరు వచ్చేదాకా ఒక్క పేజీ లేదు. అప్పుడు అన్నా అనే ఇరవై ఏళ్ళ స్టెనోగ్రాఫర్ని పెట్టుకుని పగలు చెప్పడం, రాత్రి ఆ అమ్మాయి ఇంటికెళ్ళి షార్ట్‌హ్యాండ్‌ని మామూలు రాతలోకి ఎక్కించడం. ఇరవై ఆరు రోజుల్లో నవల తయారు. ఇవ్వబోతే ప్రచురణకర్త కావాలని ఊళ్ళో లేడు. పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నాడు! కొన్ని నెలలకే ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, అది వేరే కథ.

ఇద్దరికీ గడువుంది, నిజమే. గడువు నీకూ ఉంది, 30వ తేదీ. నీకు లేనిది వాళ్ళకున్న రెండోది: ఎదురుగా ఒక మనిషి. వాక్యం నోట్లోంచి రాగానే అందుకునే మనిషి. తమ్ముడు కలం పట్టుకుని కూర్చుంటే "ఇవాళ మూడ్ లేదు" అనడానికి ఏ అన్నకైనా మొహమాటమే కదా.

నీ గ్రూపు ఆ పని చేయడం లేదు. గ్రూపులో మీరు అంకెలు పెట్టుకుంటున్నారు. అంకెని చూసి ఎవరూ "తర్వాతేమైంది?" అని అడగరు. చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అందుకే నీకు నేను చెప్పే అసలు సలహా ఒక్కటే.

మీ అత్తగారికి చదివి వినిపించు.

నువ్వు ఉత్తరంలో ఆవిడకి చదవడం రాదని రాశావు, అదేదో అడ్డంకి అన్నట్టు. నాకు అది చదవగానే ప్రాణం లేచొచ్చింది. రాత్రి వంటిల్లు సర్దాక, ఆవిడ టీవీ కట్టేశాక, పది నిమిషాలు. ఆ రోజు రాసిన రెండు పేజీలు చదువు. ముందే ఏమీ చెప్పకు, "బాగా రాలేదు అత్తయ్యా" అని అసలు అనకు. అయ్యాక "ఎలా ఉంది?" అని అడగకు. ఆ ప్రశ్నకి ఎవరైనా బాగుందనే అంటారు, దానివల్ల నీకు పైసా ఉపయోగం లేదు. ఆవిడ ఎక్కడ ఆవలించిందో చూడు. ఎక్కడ "అట్టా కాదులే, కూలోళ్ళు పొద్దున ఏడింటికే వచ్చేస్తారు" అని తగులుకుందో చూడు. ఎక్కడ "ఆ తర్వాత?" అందో చూడు. ఆ మాట ఒక్కసారి విన్నావంటే మర్నాడు నువ్వు ఫైలు తెరవకుండా ఉండలేవు. ఆవిడ కూడా ఊరుకోదు, ఈ తరం అత్తగార్లు సీరియల్ ఆగితే కేబులు వాడికే ఫోను చేస్తారు.

ఆవిడ చేలల్లో పనిచేసిన మనిషే అయ్యుంటుంది. నీ నవలకి ఆవిడ కంటే పెద్ద ఎడిటరు గుంటూరు జిల్లా, పల్నాడు జిల్లా కలిపి వెతికినా దొరకదు.

ఇక్కడొక తేడా చెప్పాలి, దీనివల్ల నేనొకసారి దెబ్బతిన్నాను. కథ చెప్పేయడం వేరు, పేజీ చదివి వినిపించడం వేరు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు నేనూ ఒక నవల మొదలుపెట్టాను. నెలలో ముగించాలని సెలవు కూడా పెట్టాను. పగలంతా రాసి, సాయంత్రం ఆఫీసు వాళ్ళు టీకి పిలిస్తే వెళ్ళి ముందు ముందు ఏం జరగబోతోందో కళ్ళకి కట్టినట్టు చెప్పేదాన్ని. అందరూ "అబ్బ, భలే ఉంది" అనేవాళ్ళు. పంతొమ్మిదో రోజున కాగితం ముందు కూర్చుంటే ఏమీ లేదు. చెప్పాల్సిందంతా టీ కొట్టు దగ్గరే చెప్పేశాను, మెచ్చుకోళ్ళు కూడా అక్కడే పుచ్చేసుకున్నాను. ఆ నోటు పుస్తకాలు మా అటక మీద ఇప్పటికీ ఉన్నాయి, ఎలుకలు కూడా సగంలోనే ఆపేశాయి. కాబట్టి అత్తగారు "చివరికి నాగమణి మొగుడు ఏమవుతాడు?" అని ఎంత అడిగినా చెప్పొద్దు. రాసినంతే చదువు. రాయనిది నోటితో ఒక్క ముక్క బయటపెట్టకు.

మీ ఆయన సంగతి. "రాసి ఏం చేస్తావ్" అన్న ప్రశ్నకి ఈ నెల జవాబు వెతకకు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి జవాబు పెద్ద పెద్ద రచయితల దగ్గర కూడా ఉండదు. కోపంగా అడగలేదని నువ్వే అంటున్నావు. నాకనిపించేదేమిటంటే, ఇంట్లో ఏదో జరుగుతోంది, అందులో తనకి పాత్ర లేదు, అంతే. ఒక పని ఇవ్వు. రోజుకొక ప్రశ్న అడుగు, నవలకి కావలసింది. కౌలు కాగితం మీద రాసుకుంటారా, నోటి మాటేనా? మందు కొట్టేవాడికి ట్యాంకు లెక్కన ఎంతిస్తారు? మిర్చి యార్డుకి వెళ్ళిన రాత్రి రైతు ఎక్కడ పడుకుంటాడు? మగవాళ్ళు నవలల గురించి మాట్లాడమంటే పారిపోతారు, యార్డు గురించి అడిగితే గంట మాట్లాడతారు. వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్క ముక్క మర్నాడు పేజీలో పడితే చాలు.

రాసింది చదువుకుంటే సిగ్గేస్తోందన్నావు. చదవకు. 30వ తేదీ దాకా వెనక్కి వెళ్ళొద్దు. నీకు తెలిసిన మాటల్లోనే చెప్తాను. మీ కోల్డ్ స్టోరేజీలో ఇప్పుడన్నీ కంప్యూటరే అయ్యుంటుంది కానీ, చిట్టా, ఆవర్జా అంటే నీకు తెలియకుండా ఉండదు. ఏ రోజు జరిగింది ఆ రోజు చిట్టాలో పడేస్తాం, కొట్టివేతలుంటాయి, సిరా మరకలుంటాయి. తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తాం. నవంబరులో నువ్వు రాసేది చిట్టా. పాఠకుడు చూసేది ఆవర్జా, దానికి ఇంకా ఏడాది టైముంది. పేరు మోసిన రచయితల కాగితాలు నేను పచ్చి పచ్చిగా చూశాను కాబట్టి చెప్తున్నా, నీ రెండు పేజీలు వాటికంటే హీనంగా ఏమీ లేవు. ఒకాయన ఏడో భాగంలో చంపేసిన బాబాయిని పదిహేనో భాగంలో పెళ్ళిపందిట్లో తాంబూలాలు పంచడానికి నిలబెట్టాడు. మేం పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. పట్టుకోకపోతే ఇప్పటికీ పంచుతూ ఉండేవాడు. మధ్యలో ఎవరిదైనా పేరు మర్చిపోతే ఆగి వెతక్కు, "ఎర్రచొక్కా మనిషి" అని రాసుకుని ముందుకు పో.

చిన్న కిటుకు ఒకటుంది, తెలుగులో రాసేవాళ్ళకి భలే పనికొస్తుంది. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కదా. రోజూ రాయడం ఆపేటప్పుడు చివరి వాక్యానికి క్రియ రాయకుండా ఆపు. "నాగమణి గడప దగ్గర విడిచిన చెప్పులు చూసి..." అంతే, ఫోను పక్కన పెట్టేయి. చూసి ఏం చేసింది? నీ బుర్ర రాత్రంతా ఆ క్రియ కోసం వెతుకుతుంది. పొద్దున్న పాలు కాచేటప్పుడు దొరుకుతుంది. ఫైలు తెరవగానే చేయాల్సిన మొదటి పని ఒక్క మాట రాయడమే కాబట్టి భయం ఉండదు. గ్రూపులో కూడా పదాల అంకె బదులు ఈ తెగిన వాక్యం పెట్టండి నలుగురూ. చూడు, చప్పట్ల బొమ్మలు ఆగిపోయి మాటలు మొదలవుతాయి.

టైము గురించి ఎక్కువ చెప్పను, నీ ఇల్లు నీకే తెలుసు. రాత్రి పదిన్నరకి ఒక్కసారే కూర్చుని మొత్తం రాయాలనుకోకు, అప్పటికి ఒంట్లో ఏమీ మిగలదు. పొద్దున్న ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఇరవై నిమిషాలు, మిగతాది రాత్రి. చేతులు ఖాళీ లేనప్పుడు ఫోనుకి నోటితో చెప్పు, తెలుగు బాగానే పట్టుకుంటుంది ఇప్పుడు. కామాలూ ఫుల్‌స్టాపులూ సరిగ్గా పెట్టదు, పేర్లు తప్పు రాస్తుంది, డిసెంబరులో దిద్దుకోవచ్చు. విశ్వనాథకి తమ్ముడున్నాడు, నీకు ఫోనుంది.

ఇక నువ్వు పంపిన పేజీలు. మొదటి పేజీలో నాగమణి కిటికీలోంచి చందమామని చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. అది నువ్వు రాయలేదు, మనం చదివిన వంద సీరియల్స్ కలిసి రాశాయి. అక్కడ నువ్వు ఆగిపోయావంటే నాకేం ఆశ్చర్యం లేదు, చందమామ దగ్గర్నుంచి ఎటు వెళ్తాం? రెండో పేజీలో ఉంది నీ వాక్యం. "బస్సులో పక్కసీటామె దగ్గి కిటికీ తీసింది. నాగమణి తన కొంగు తనే వాసన చూసుకుంది." రోజంతా మిరపకాయల్లో పనిచేసిన మనిషికి ఆ ఘాటు తెలియదు, పక్కవాళ్ళకి తెలుస్తుంది. ఈ ముక్క హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని రాసేవాడికి ఏడేళ్ళు తపస్సు చేసినా దొరకదు. నీకు రోజూ ఆఫీసులో దొరుకుతోంది.

కాబట్టి ఏం రాయాలో తోచని రోజున నాగమణి మనసులోకి తొంగి చూడకు. మనసులో అందరిదీ ఒకటే సరుకు. ఆవిడని నీకు బాగా తెలిసిన చోటుకి తీసుకురా. 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి కాయ కట్టనివ్వని ఏడాదేగా నీ కథ? మందు షాపులో అప్పు పుస్తకం ముందు నిలబెట్టు. చేను పీకేసిన రోజు ఆ కట్టెలు ఎవరు మోశారో రాయి. అంతకుముందు ఏడాది దాచిన నాలుగు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మీలాంటి కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయనుకో, సరుకు దాచినందుకు ఇచ్చిన బాండు మీద అప్పు తెచ్చింది మొగుడు, పెళ్ళానికి చెప్పలేదు. కౌంటర్లో లెక్కలు రాసే అమ్మాయికి తెలుసు. నాగమణి వచ్చి "మావి ఎన్నున్నాయమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి ఏం చెప్తుంది? అది నువ్వు ఎన్నిసార్లు చెప్పావో, ఎన్నిసార్లు చెప్పలేక తలొంచుకున్నావో నాకు తెలీదు, కానీ మూడు రోజుల రాత ఆ కౌంటరు దగ్గరే ఉంది.

30వ తేదీకి 35,000 కాకపోతే? 28,000 దగ్గర ఆగావనుకో. డిసెంబరు 1న పొద్దున్నే పాలవాడు వస్తాడు, మీ అత్తగారు "ఆ తర్వాత?" అంటుంది. పందెం పోతే మీ నలుగురిలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి బిర్యానీ పెట్టించాలేమో, పెట్టించు.

నీ ఉత్తరం నిన్న రాత్రి చూశాను, ఇవాళే జవాబు రాస్తున్నా. ఈ రాత్రికి అత్తగారి దగ్గర కూర్చోవడానికి మొహమాటమనిపిస్తే మొదటి వారం నేనున్నాను. బస్సులో కిటికీ తీసినామె ఊరికే అలా కూర్చుని ఉండదు, ఏదో ఒకటి అంటుంది, లేకపోతే లేచి వేరే సీటుకి వెళ్తుంది. ఏం చేసిందో ఆదివారం లోపల రాసి పంపు. రెండు పేజీలు చాలు.